నీకొక్కదానికే రాశాను

విశాఖపట్నం, హాస్టల్
21 జూలై 2024

ప్రియమైన కుసుమా,

ఇక్కడ సెల్‌ఫోన్లు ఉంచుకోనివ్వరు. ఆదివారం వార్డెన్ గారి గదిలోంచి ఇంటికి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు, అంతే. ఆ ఐదు నిమిషాలూ మా అమ్మ "తిన్నావా, పడుకుంటున్నావా" అని అడగడానికే సరిపోతాయి. అందుకే నీకు ఉత్తరం. ఆరో తరగతి నుంచి టెన్త్ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మనం ఉత్తరాలు రాసుకునే రోజు వస్తుందని ఎప్పుడైనా అనుకున్నామా?

మా గదిలో ఎనిమిదిమందిమి. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి పిల్లలే ఎక్కువ. మన వైపు నుంచి నేనూ, టెక్కలి నుంచి శ్రావణి అనే అమ్మాయీ ఉన్నాం. మొదటి రోజు మెస్సులో కూర గిన్నెలోకి చూసి "ఇదేటి?" అన్నాను. అంతే, టేబులంతా ఒకటే నవ్వు. ఒకమ్మాయి "ప్లీజ్, ఇంకోసారి అనవా" అంది. ఆ రోజు నుంచి నా పేరు 'ఏటి'. "ఏటీ, బకెట్ ఇలా ఇవ్వు." "జరగండి, ఏటి వస్తోంది." శ్రావణి కూడా నవ్వుతుంది. అదీ ఇంట్లో మనలాగే మాట్లాడుతుంది, నాకు తెలుసు. కానీ ముందే జాగ్రత్తపడి వాళ్ల మాట నేర్చేసుకుంది.

ఇప్పుడు ఏదన్నా అనబోయే ముందు మనసులో ఒకసారి అనుకుని చూసుకుంటున్నాను. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తడం లేదు. అద్దంలో చూసుకుంటే బుగ్గలు ఎంత లావుగా ఉన్నాయో అనిపిస్తోంది. ఇదివరకు ఇలా లేవు. లేకపోతే నువ్వు పక్కనుంటే నేను అద్దం చూసుకునేదాన్ని కాదేమో.

నువ్వు అన్నీ రాయి. మీ అమ్మ ఏమేం అంటోందో, ఆమె అన్నది అన్నట్టే రాయి. చదువుతుంటే మీ అరుగు మీద కూర్చున్నట్టుంటుంది. మీ కాలేజీ ఆఫీసులో మా నాన్నకిస్తే పోస్టు చేస్తారు.

నీ
తులసి


మంచినీళ్లపేట
6 ఆగస్టు

తులసీ,

మీ నాన్నగారు ఆఫీసు కిటికీలోంచి పిలిచి నీ ఉత్తరం ఇచ్చారు. బైపీసీ పిల్లలంతా చూస్తుంటే నాకు ఎంత గొప్పగా అనిపించిందో! బస్సులో ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి చదివాను. నిన్ను అలా పిలుస్తున్న వాళ్లెవరో నాకు చూపించు, మా నాన్న వలలో చుట్టి పడేద్దాం.

మా ఇంటి సంగతులు అడిగావు కదా. నాన్న వేట నిషేధం అయ్యాక మళ్లీ సముద్రం మీదికి వెళ్తున్నాడు. కవ్వళ్ల చేపలు బాగా పడుతున్నాయి. అమ్మ రోజూ తట్ట ఎత్తుకుని కాశీబుగ్గ మార్కెట్టుకి. నిన్న నన్ను ఏమందో తెలుసా? "ఒలే గుంటా, సబ్బు పూసుకుంతన్నావేటి, తినేత్తన్నావేటి? మొన్న సంతలో కొన్నాను గదే, అప్పుడే నెలవంకైపోనాది!" నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

కానీ నవ్వే సంగతి కాదు. నీకొక్కదానికే రాశాను, చదివాక చించెయ్యి.

మొదటి వారంలో ప్రసన్నలక్ష్మి అనే అమ్మాయి నా పక్కన కూర్చుంది. రెండో పీరియడ్‌కి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక బెంచీకి వెళ్లిపోయింది. ఏమీ అనలేదు. అని ఉంటే దెబ్బలాడేదాన్ని. అప్పటి నుంచి పొద్దున్న మూడుసార్లు సబ్బు రుద్దుకుంటున్నాను. పుస్తకాల కాగితాల మధ్య పౌడరు జల్లుతున్నాను. అయినా ఎవరైనా పక్క నుంచి వెళ్తే ఊపిరి బిగబడుతుంది. వాళ్లకి వాసన వచ్చిందా అని వాళ్ల మొహం చూస్తాను.

ఇంకా ఘోరం చెబుతాను. అమ్మదీ నాదీ ఒకే బస్సు. నేను ముందు సీట్లో కూర్చుంటున్నాను, అమ్మ వెనక తట్ట దగ్గర. మొన్న సోమవారం ప్రసన్నలక్ష్మి కూడా ఎక్కింది. కండక్టరు నన్ను "ఆ తట్ట మీదేనా పాపా?" అని అడిగాడు. నేను "నాకు తెలీదు" అన్నాను. అమ్మ వెనక నుంచి "నాదే బాబూ" అంది. విన్నదో లేదో నాకు తెలియదు. ఇంటికొచ్చాక ఎప్పటిలాగే చేప ముల్లు తీసి నాకు అన్నంలో పెట్టింది. నేను తినలేకపోయాను.

నేను చెడ్డదాన్నా తులసీ? నిజం చెప్పు.

కుసుమ


విశాఖపట్నం
29 ఆగస్టు

ప్రియమైన కుసుమా,

నీ ఉత్తరం అందింది. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు, వీక్లీ టెస్టులు.

ఇక్కడ ఇప్పుడు చాలా బాగుంది. అందరూ నాతో స్నేహంగా ఉంటున్నారు. నన్ను చూస్తే నవ్వొస్తుందట, అంటే మంచి అర్థంలోనే. ఆదివారం నా మంచం చుట్టూ చేరి కబుర్లు చెప్పమంటారు. 'ఏటి' అని పిలవడం కూడా మానేశారు. రాత్రి భోజనం మానేశాను, ఒక అమ్మాయి అలా చేసి నాలుగు కిలోలు తగ్గిందట.

సబ్బు సంగతి నువ్వు ఎక్కువగా ఆలోచిస్తున్నావు. స్నానం నీళ్లలో నిమ్మచెక్క పిండుకో. నీ ఉత్తరం ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది.

మీ అమ్మ మాటలు ఇంకా రాయి. మరీ కొన్నే రాశావు.

తులసి


మంచినీళ్లపేట
14 సెప్టెంబరు

తులసీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అడిగినదానికి జవాబు అందులో ఎక్కడైనా ఉందేమోనని. చించెయ్యమంటే పెట్టెలో దాచానన్నావు. పోనీలే, దాచుకోవాలనిపించి ఉంటుంది.

అమ్మకి తెలిసిపోయింది. బస్సు దగ్గర నా కంటే ముందే వచ్చి, నేను కనబడగానే "నువ్వెల్లు. నాను ఎనకొచ్చీ ఆటోకొత్తాను" అంటోంది. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం.

అమ్మ మాటలు రాయమన్నావు. ఈ మధ్య ఆమె పెద్దగా ఏమీ మాట్లాడటం లేదు.

దసరాకి వస్తావుగా? నువ్వు వస్తే రేవులో కూర్చుని అన్నీ చెప్పుకుందాం. కాగితం మీద కుదరడం లేదు. నువ్వు రాత్రిళ్లు తినడం మానకు.

కుసుమ


విశాఖపట్నం
1 అక్టోబరు

కుసుమా,

ఈసారి దసరాకి మాకు సెలవులు ఇవ్వడం లేదు. స్పెషల్ క్లాసులు పెట్టారు. రాలేను. మళ్లీ వివరంగా రాస్తాను.

తులసి


మంచినీళ్లపేట
20 అక్టోబరు

గౌరవనీయులైన తులసి గారికి,

మంచినీళ్లపేట నుండి కుసుమ వ్రాయునది ఏమనగా, నేను క్షేమము. మీరు క్షేమమని తలచుచున్నాను. ఈ భాష సరిగా ఉన్నదా? తప్పులున్నచో మీ గది స్నేహితురాళ్లచేత దిద్దించగలరు. వారికి నా ఉత్తరములు చదువుట అలవాటే కదా.

జరిగినది చెబుతాను. దసరా సెలవుల్లో అమ్మకి తోడుగా మార్కెట్టుకి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో జనం. అమ్మ వెనక ఖాళీ తట్టతో కూర్చుంది, నేను మధ్యలో నిలబడ్డాను. నా పక్కన మంచి డ్రెస్సు వేసుకున్న ఒకమ్మాయి, ఇంకో ఇద్దరితో బీచికి వెళ్తోంది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు తులసి ఫ్రెండు కుసుమవి కదూ? మీ టెన్త్ ఫోటోలో చూశాను. నేను శ్రావణిని, మేం ఒకే గది" అంది. నేను ఎంత సంతోషపడ్డానో! నువ్వెలా ఉన్నావో అడగబోయాను. ఆ లోపలే ఆమె తన వాళ్ల వైపు తిరిగి, "చెప్పాను కదా, మూడు సబ్బుల కుసుమ అని! ఈమే" అంది.

తర్వాత మా అమ్మలా మాట్లాడింది. "ఒలే గుంటా, సబ్బు పూసుకుంతన్నావేటి, తినేత్తన్నావేటి?" అని. చెయ్యి తిప్పుతూ. బస్సులో సగంమంది నవ్వారు. "పాపం, వాళ్లమ్మ తట్ట చూసి 'నాకు తెలీదు' అందంట కండక్టరుతో" అని కూడా చెప్పింది. ఆమెకి తెలియదు, మా అమ్మ నాలుగు సీట్ల వెనకే ఉందని.

మా అమ్మ అంతా విన్నది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు నేను తట్ట పట్టుకోబోతే, "వొగ్గీ. నీకు వాసనొత్తాది" అంది. కోపంగా అనలేదు. నాకు సాయం చేస్తున్నట్టు అంది.

ఇంకో సంగతి. కాశీబుగ్గ బజారులో మీ నాన్నగారు కనబడి, "తులసి వచ్చి నాలుగు రోజులైంది, మీ ఇంటికి రాలేదా?" అన్నారు. స్పెషల్ క్లాసులు బాగా జరిగి ఉంటాయి.

ఇక నాకు ఉత్తరాలు రాయవద్దు.

ఇట్లు
కుసుమ


విశాఖపట్నం
28 అక్టోబరు

కుసుమా,

రాయవద్దన్నావు. రాయకుండా ఉండలేకపోతున్నాను. ఒక్కసారి చదువు.

అది నా తప్పు కాదు. నీ ఉత్తరం దిండు మీద పెట్టుకుని చదువుకుంటుంటే శ్రావణి లాక్కుంది. మంచం ఎక్కి నిలబడి పైకి చదివేసింది. నేను వద్దంటున్నా వినలేదు. ఏడ్చాను కూడా. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. దసరాకి నిజంగానే సెలవులు లేవన్నారు, ఆఖరు నిమిషంలో పంపారు. జ్వరంగా ఉండి మీ ఇంటికి రాలేకపోయాను.

శ్రావణితో మాట్లాడటం మానేశాను. నువ్వు నన్ను నమ్ము. మీ అమ్మకి, అదే పిన్నికి, నేను క్షమాపణ చెప్పానని చెప్పు.

తులసి


విశాఖపట్నం
17 నవంబరు

కుసుమా,

మూడు వారాలైంది. నువ్వు రాయవని తెలుసు. పోయిన ఉత్తరంలో నేను రాసింది అబద్ధం. ఈసారి నాన్నకి కాకుండా నేరుగా మీ ఇంటికే పోస్టు చేస్తున్నాను. ఇది వార్డెన్ చదివినా సరే, రాసేస్తున్నాను.

ఎవరూ లాక్కోలేదు. నేనే చదివాను.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం. అందరూ నన్ను "ఏటీ ఏటీ" అని చుట్టూ తిరుగుతున్నారు. నేను మామూలుగా అన్న మాటని ఒకమ్మాయి సాగదీసి పాటలా పాడింది. ఏడుపొచ్చేస్తోంది. ఏడిస్తే ఇంకా నవ్వుతారు. అప్పుడు అన్నాను, "నేను అలా మాట్లాడను. మా దగ్గర సముద్రం ఒడ్డు వాళ్లు ఎలా మాట్లాడతారో వినండి, అప్పుడు తెలుస్తుంది" అని. పెట్టె తీసి నీ ఉత్తరం బయటికి తీశాను. మీ అమ్మ మాట మీ అమ్మలాగే చదివాను. చిన్నప్పటి నుంచి విన్నాను కదా, అచ్చం వచ్చింది.

కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నా మీద కాదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే నన్ను అసహ్యించుకుంటావు. అయినా చెప్పాలి. మొదటిసారి ఆ గదిలో ఊపిరి ఆడింది.

"అంత సబ్బు ఎందుకు?" అని అడిగారు. కింద ఉన్నది కూడా చదివాను. బస్సు సంగతి వరకూ అంతా. "నీకొక్కదానికే రాశాను, చదివాక చించెయ్యి" అన్న వాక్యం మాత్రం చదవకుండా దాటేశాను. దాటేశానంటే నేను చేస్తున్నదేమిటో నాకు తెలుసు, కుసుమా. తెలియక చేశానని చెప్పుకోలేను.

తర్వాత రోజూ అడిగేవాళ్లు. మీ అమ్మ మాటలు ఇంకా రాయమన్నది అందుకే. దసరాకి ఊరొచ్చి కూడా మీ ఇంటికి రాలేదు, పిన్ని ఎదురుగా నిలబడితే నా మొహంలోనే కనిపించేస్తుందని.

ఇప్పుడు కూడా అడుగుతారు. గొంతు రావడం లేదు. "ఏమైంది, మళ్లీ ఏటి అయిపోయావా?" అంటున్నారు. రాత్రిళ్లే కాదు, పగలు కూడా ముద్ద దిగడం లేదు. మంగళవారం మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. నీ జాలి కోసం రాయడం లేదు. జాలిపడకు.

క్షమించమని అడగను. నిజం నీ దగ్గర ఉండాలి, అంతే.

తులసి


మంచినీళ్లపేట
10 డిసెంబరు

తులసీ,

రెండు ఉత్తరాలూ అందాయి. అమ్మ బాగుంది. నేను కాలేజీకి వెళ్తున్నాను. చదువు బాగా సాగుతోంది.

నువ్వు డాక్టరుకి చూపించుకో.

కుసుమ


పలాస
20 జనవరి 2025

కుసుమా,

నేను ఇంట్లో ఉన్నాను. మళ్లీ పడిపోతే నాన్న వచ్చి తీసుకొచ్చారు. ఒంట్లో రక్తం తక్కువగా ఉందనీ, నెల రోజులు ఇంట్లోనే ఉండి వేళకి తినాలనీ డాక్టరు చెప్పారు. అమ్మ ఎదురుగా కూర్చుని కొసరి కొసరి తినిపిస్తోంది.

నిన్న సాయంత్రం నాన్న ఆఫీసు కాగితాలు ఇంటికి తెచ్చి రాసుకుంటున్నారు. హాజరు చాలక పరీక్షకి కూర్చోనివ్వని పిల్లల జాబితా. "మీ కుసుమేమిటమ్మా, నవంబరు నుంచి ఒక్కరోజు కూడా రాలేదు? ఊళ్లో లేరేమో అనుకున్నాను" అన్నారు. ఆ కాగితం తీసుకుని చూశాను. ఆరో నంబరు నీ పేరు.

కాలేజీకి వెళ్తున్నానని రాశావే? ఎక్కడికి వెళ్తున్నావు? టెన్త్‌లో మనిద్దరిలో నీకే ఎక్కువ మార్కులు. నావల్ల నువ్వు చదువు మానేస్తే నేను ఏం చెయ్యాలి? నాన్నకి జరిగిందంతా చెప్పేశాను. తిట్టలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, "ఆదివారం నిన్ను స్కూటరు మీద తీసుకెళ్తాను. మాట్లాడాల్సింది నువ్వే, నేను బయట ఉంటాను" అన్నారు.

ఆదివారం వస్తున్నాను. తలుపు తియ్యకపోయినా సరే.

తులసి


పలాస
27 జనవరి

కుసుమా,

నిన్న నువ్వు ఇంట్లో లేవు. మార్కెట్టు నుంచి ఇంకా రాలేదని పిన్ని చెప్పింది. ఈ ఉత్తరం నీకు రాయమన్నది కూడా పిన్నే. "నాను సెప్తే అది ఇనదు. ఇక్కడ జరిగింది కాయితం మీద రాసి పంపీ" అంది. అందుకని ఏదీ దాచకుండా రాస్తున్నాను.

నాన్న రేవు వైపు వెళ్లిపోయారు. పిన్ని వాకిట్లో నెత్తళ్లు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచి, పీట వేసి, "కూకో తులసమ్మా. సిక్కిపోనావు" అంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఉత్తరం నేనే చదివాననీ, ఎవరూ లాక్కోలేదనీ. పిన్ని చేపలు తిరగేస్తూనే ఉంది. అంతా అయ్యాక అడిగింది.

"నా మాటలు సెప్పి నవ్వించేవట గదా. ఏదీ, నా ముందల సెప్పు."

"వద్దు పిన్నీ."

"అంతమంది ముందల సెప్పినావు. నా ముందల సెప్పడానికేటి? సెప్పు, ఇంతాను."

కుసుమా, ఆ గదిలో నలభైసార్లు చెప్పి ఉంటాను. అక్కడ, ఆ వాకిట్లో, మొదటి మాట కోసం ఎంతసేపు నిలబడ్డానో. చివరికి అన్నాను. "ఒలే గుంటా, సబ్బు పూసుకుంతన్నావేటి..." మీ అమ్మ గొంతుతోనే. వేరే గొంతుతో అంటే అది ఇంకో అబద్ధం అవుతుందనిపించింది. చివరిదాకా అన్నాను. కన్నీళ్లు కారిపోతున్నాయి. ఆపలేదు.

పిన్ని నవ్వలేదు. కోప్పడలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, "అచ్చం నాలాగే సెప్పినావు. నా యాస నాకు సిగ్గు కాదమ్మా. నా తల్లి యాస ఇది. సేపల వాసనా నాకు సిగ్గు కాదు. దానికి సిగ్గయినాది. సిన్నపిల్ల, అవుతాది. పెద్దయితే తగ్గీది. ఆ సంగతి దాని కడుపులోనే ఉండాలి గదా, నువ్వు తీసి బస్సులోన పెట్టించేసినావు" అంది.

ఇంకా అంది. "ఇప్పుడు అది రోజూ నాతోటే వత్తాది. మార్కెట్టులోన నా పక్కనే కూకుంటాది, సేపలు కోత్తాది. నాను పొమ్మంటే పోదు. నాకేదో అపరాదం కడతన్నట్టు. నాకది వద్దు. బస్సులోన ఎరగనట్టు ముందల కూకుని సదూకోడానికెల్లిన కూతురే నాకు కావాల."

ఈ చివరి మాట నీకు తప్పకుండా రాయమంది. రెండుసార్లు చెప్పించుకుంది, నేను మరిచిపోతానేమోనని.

నాన్న చెప్పారు, ఇంకా దారి ఉందట. ఈ వారంలో నువ్వు మీ అమ్మనో నాన్ననో తీసుకొచ్చి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి, రాసి ఇవ్వాలి. మిగిలిన రోజులన్నీ తప్పకుండా రావాలి. శుక్రవారం దాటితే ఎవరూ ఏమీ చెయ్యలేరట.

నామీద కోపం ఎంతకాలమైనా ఉంచుకో. శుక్రవారం లోపల వెళ్లు.

తులసి


మంచినీళ్లపేట
9 ఫిబ్రవరి

తులసీ,

గురువారం వెళ్లాం. ఆ సంగతి మీ నాన్నగారు చెప్పే ఉంటారు. లోపల ఏం జరిగిందో ఆయనకి తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ప్రిన్సిపాల్ గారు "మూడు నెలలు ఎందుకు రాలేదు?" అని గట్టిగా అడిగారు. నేను నోరు తెరిచే లోపలే అమ్మ, "నా దోసమే బాబూ. ఒంట్లో బాగోక పనికి తిప్పీసినాను" అంది. చేతులు కట్టుకుని, తల వంచుకుని. పక్క కుర్చీలో ఉన్న ఒక లెక్చరరు 'తిప్పీసినాను' అన్న మాటకి పెదవి చివర నవ్వారు. నేను చూశాను. నాకు ఒళ్లంతా చెమట పట్టింది. ఎప్పటిలాగే, బయటికి పారిపోవాలనిపించింది. కానీ అమ్మ అబద్ధం చెబుతోంది, అది కూడా నాకోసం. "కాదు సార్. మా అమ్మ రోజూ వెళ్లమనే తిట్టింది. నేనే మానేశాను. ఇకమీదట ఒక్క రోజు కూడా మాననని రాసిస్తాను" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే నాకే భయం వేసింది. ఆయన ఇద్దరినీ కాసేపు చూసి, కాగితం ముందుకి జరిపారు. అమ్మ వేలిముద్ర వేసింది.

వెళ్తున్నాను. మూడు నెలల పాఠాలు ఒక్కటీ అర్థం కావడం లేదు. పరీక్షంటే నిద్ర పట్టడం లేదు. ఫెయిలవుతానేమో. ప్రసన్నలక్ష్మి ఇప్పటికీ వెనక బెంచీలోనే కూర్చుంటుంది. ఆమె లేచి వెళ్లింది వాసనకేనా, ఫ్యాను కోసమా అని మొన్న మొదటిసారి అనుమానం వచ్చింది. అడగలేదు. అడిగే ధైర్యం లేదు. సబ్బు రెండుసార్లకి తగ్గించాను. రెండోది మానలేకపోతున్నాను.

ఇప్పుడు నేను దాచినది చెబుతాను.

నువ్వు వచ్చిన ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. స్కూటరు చప్పుడు విని లోపలి గదిలోకి పోయి తలుపు వెనక నిలబడ్డాను. అమ్మకి తెలుసు. నువ్వు అమ్మలా మాట్లాడటం మొత్తం విన్నాను.

తులసీ, నాకు నవ్వొచ్చింది.

నిజంగా. 'నెలవంకైపోనాది' దగ్గర నువ్వు అచ్చం మా అమ్మలాగే ఆ మాట పైకి ఎత్తి దింపావు. ఏడుస్తూ కూడా. నవ్వు ఆగక చున్నీ నోట్లో కుక్కుకున్నాను. వెంటనే నన్ను చూసి నాకే భయం వేసింది. ఆ బస్సులో నవ్విన వాళ్లకీ నాకూ తేడా ఏమిటి అనుకున్నాను. తర్వాత అక్కడే నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నువ్వు వెళ్లిపోయాక అమ్మ తలుపు తోసి, "ఇన్నావా?" అంది. "ఇన్నాను" అన్నాను. "అయితే లే, అన్నం తిను" అంది. నేను వినాలనే నీచేత చెప్పించిందేమో. అడిగితే చెప్పదు.

నీ మీద కోపమొక్కటే ఉంటే ఎంత సులువుగా ఉండేదో. కోపం ఉంది. నవంబరులో నువ్వు రాసిన ఉత్తరం ఇప్పటికీ చదవలేను, ఆ ఒక్క వాక్యం దాటేశానన్న దగ్గర ఆగిపోతాను. బస్సులో ఎవరైనా నవ్వితే ఇప్పటికీ నా గురించేననుకుంటాను. అది నువ్వు పెట్టిన భయమే. అది పోతుందో లేదో తెలియదు. కానీ నువ్వు అన్నం తింటున్నావా లేదా అని రోజూ కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర ఆగి మీ నాన్నగారిని అడుగుతున్నాను. ఎందుకు అడుగుతున్నానో నాకే తెలియడం లేదు.

నా రహస్యాలు ఇక కాగితం మీద పెట్టను. ఎవరికీ రాయను. అది మాత్రం నిశ్చయం.

నువ్వు ఆ హాస్టలుకి తిరిగి వెళ్తావో, ఇక్కడే చేరతావో అది నీ ఇష్టం. నాకోసం ఉండిపోవద్దు, నాకు భయపడి వెళ్లిపోవద్దు.

వచ్చే ఆదివారం నాన్న పొద్దున్నే వేటకి వెళ్తాడు. పడవ తిరిగి వచ్చేవరకు నేను రేవులో బయాలజీ చదువుకుంటూ ఉంటాను. రావాలనిపిస్తే రా. ఇంటికి వద్దు, రేవుకి. నేను నీతో మాట్లాడతానో లేదో ఇప్పుడే చెప్పలేను. మాట్లాడకపోతే కాసేపు కూర్చుని వెళ్లు.

కుసుమ